చిన్నపిల్లలతో అండమాన్: షిప్పా ఫ్లైటా, ఎన్ని రోజులు, ఏవి వదిలేయాలి

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పేస్తాను, చదివే మిగతావాళ్ళకి కూడా తెలుస్తుంది. గాజువాక నుంచి మీరు, మీ ఆవిడ, మీ అమ్మగారు, నాలుగేళ్ళ పాప, పద్నాలుగు నెలల బాబు, సంక్రాంతి అయిపోగానే అండమాన్ వెళ్దామనుకుంటున్నారు. ఎవరో ఏజెంట్ ఐదు రాత్రుల ప్యాకేజీ ఇచ్చాడు, అందులో అక్కడి రాజధాని పోర్ట్‌బ్లెయిర్, ఇంకా హేవ్‌లాక్, నీల్, బారాటాంగ్ దీవులు అన్నీ ఉన్నాయి. ఈలోగా మీ ఫ్రెండ్ ఎవరో "వైజాగ్ నుంచే షిప్పు ఉంది కదరా, పిల్లలకి సరదాగా ఉంటుంది" అన్నాడు. మీ అమ్మగారేమో ఇంత పసిపిల్లల్ని పట్టుకుని నీళ్ళ మధ్యకి ఎందుకురా అంటున్నారు. వెళ్ళొచ్చా, వెళ్తే ఎలా, ఇదీ ప్రశ్న.

వెళ్ళండి. ఫ్లైట్‌లో వెళ్ళండి. బారాటాంగ్ కొట్టేయండి, నీల్ కూడా కొట్టేయండి. పోర్ట్‌బ్లెయిర్ ఒక రాత్రి, హేవ్‌లాక్ మూడు రాత్రులు, మళ్ళీ పోర్ట్‌బ్లెయిర్ ఒక రాత్రి. అంతే. మిగతాదంతా ఎందుకో చెప్పడానికి రాస్తున్నా, టైం లేకపోతే ఇక్కడ ఆపేసినా పర్లేదు.

నేను ఎంవీపీ కాలనీలో ఇంట్లోంచే టూర్లు చూస్కుంటాను, పద్నాలుగేళ్ళయింది, ఎక్కువగా మన వైజాగ్, అనకాపల్లి, విజయనగరం ఫ్యామిలీలే. మా ఇద్దరు పిల్లల్నీ చిన్నప్పుడే తీసుకెళ్ళాను, అప్పటికి పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నోడికి మూడు. ఒక మనిషి ఒక ట్రిప్పులో చెయ్యగలిగిన తప్పులన్నీ నేను ఆ ట్రిప్పులో చేసేశాను, కాబట్టి కింద చెప్పేదాంట్లో సగం మావాడి వాంతుల పుణ్యమే అనుకోండి.

ముందు షిప్పు సంగతి. మన పోర్టు నుంచి అండమాన్‌కి గవర్నమెంటు షిప్పు ఉన్నమాట నిజమే, కానీ రోజూ ఉండదు, నెలకి ఒకటీ అరా, ఆ తేదీలు కూడా కాస్త ముందు మాత్రమే బయటికొస్తాయి, వాతావరణం బాగోకపోతే జరిగిపోతాయి. ప్రయాణం దాదాపు 56 గంటలు, అంటే రెండు రాత్రుళ్ళు దాటి ఇంకో పూట. పెళ్ళయిన కొత్తలో నేనూ మా ఆయనా అలాగే వెళ్ళాం, మొదటిరోజు సాయంత్రం డాల్ఫిన్ నోస్ కొండ కనుమరుగయ్యేదాకా డెక్ మీదే నిలబడ్డాం, మర్నాడు నీళ్ళలోంచి లేచి రివ్వున పోయే చేపల్ని చూసి చిన్నపిల్లల్లా అరిచాం. రెండో రోజు మధ్యాహ్నానికి చూడ్డానికి ఇంకేమీ లేదు, నీళ్ళు, నీళ్ళు, మళ్ళీ నీళ్ళు. అదే డెక్ మీద అప్పుడే నడక వచ్చిన పద్నాలుగు నెలల పిల్లాణ్ణి ఊహించుకోండి. వాడు నిలవడు, రెయిలింగ్ సందులేమో పెద్దవాళ్ళ కొలతలకి పెట్టినవి, 56 గంటలూ ఎవరో ఒకరు వాడి చొక్కా పట్టుకుని తిరగాలి. పైగా వెళ్ళిన షిప్పే తిరిగి ఎప్పుడొస్తుందో మీ సెలవుల్ని బట్టి ఉండదు. పిల్లలకి పదేళ్ళు దాటాక వెళ్ళండి, అప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది.

ఫ్లైటు మీ తేదీకి డైరెక్ట్ దొరికితే అదృష్టం, లేకపోతే చెన్నై మీదుగానో హైదరాబాద్ మీదుగానో కోల్‌కతా మీదుగానో చూస్కోండి. చెన్నై నుంచి రెండుంపావు గంటల లెక్క. మధ్యలో ఆగేది మరీ తక్కువ టైం పెట్టుకోకండి, డైపర్ మార్చి, పాలు పట్టి, పాపని బాత్రూంకి తీసుకెళ్ళేసరికి గంటన్నర ఇట్టే పోతుంది. బాబుకి రెండేళ్ళు నిండలేదు కాబట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకునే టికెట్టు సరిపోతుంది, కానీ వయసు రుజువు చేతిలో ఉండాలి, బర్త్ సర్టిఫికెట్ గానీ ఆధార్ గానీ. ఒక కుటుంబం దాన్ని ఇంట్లో బీరువాలో పెట్టేసి వచ్చి కౌంటర్ దగ్గర ఫోన్లో వెతుక్కుంటుంటే నాకే చెమటలు పట్టాయి. టేకాఫ్‌లోనూ దిగేటప్పుడూ బాబు ఏదో ఒకటి చప్పరిస్తూ ఉండేలా చూడండి, చెవులు పట్టేయకుండా ఉంటాయి, తల్లిపాలు తాగుతుంటే అదే బెస్టు.

ఇక అసలు విషయానికొస్తా. ప్యాకేజీ వాళ్ళు రోజుకో చోటు లెక్కన రాస్తారు, ఎందుకంటే కాగితం మీద ఎన్ని పేర్లుంటే మనకి అంత గిట్టుబాటు అనిపిస్తుంది. చిన్నపిల్లలున్న ఇంటికి ఆ లెక్క పనికిరాదు. మీ రోజుని నడిపేవి రెండే, బాబు నిద్ర, సముద్రం ఆటుపోట్లు. ఈ రెండూ చూసి రోజు కట్టుకుంటే అండమాన్‌లాంటి సుఖమైన చోటు ఇంకోటి లేదు, చూడకపోతే డబ్బిచ్చి కొనుక్కున్న నరకం.

నిద్ర సంగతి ఎందుకంటున్నానంటే, అండమాన్ మనకి బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. జనవరిలో అక్కడ ఆరు కాకముందే తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదుంపావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. పెళ్ళికాని కుర్రాళ్ళు ఇది చూసి విసుక్కుంటారు గానీ పిల్లలున్నవాళ్ళకి ఇది వరం. మీ బాబు ఎలాగూ ఐదున్నరకి లేచి మిమ్మల్ని లేపుతాడు కదా, లేవగానే ఎత్తుకుని బీచ్‌కి వెళ్ళిపోండి, ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా బీచ్ మీదే. ఎండ ముదిరేలోపు రూంకి వచ్చేసి స్నానం, టిఫిను, నిద్ర. మధ్యాహ్నం రెండు గంటల ఎండలో పిల్లల్ని ఇసుకలో తిప్పేది ప్యాకేజీ కార్లలో వచ్చినవాళ్ళే. మళ్ళీ మూడున్నరకి బయల్దేరితే సూర్యాస్తమయం చూసి ఆరున్నరకి అన్నాలు తినేసి ఏడున్నరకి పిల్లలు పడుకుంటారు. రెండో రోజుకల్లా మీకూ అలవాటైపోతుంది.

ఆటుపోట్ల సంగతి మన వైజాగ్ వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే సముద్రం మనకి తెలుసు అనే ధీమా మనకి ఎక్కువ. ఆర్కే బీచ్‌లో మనకి తెలిసిన భయం అల, లోపలికి లాగేసే నీళ్ళు. పిల్లాడి చెయ్యి గట్టిగా పట్టుకుని మోకాలి లోతు దాటనివ్వం, అది సరైన అలవాటే. అండమాన్‌లో చాలా బీచ్‌ల దగ్గర లోపల పగడపు దిబ్బలు అలని ఆపేస్తాయి, నీళ్ళు చెరువులా ఉంటాయి, అక్కడ భయం అల కాదు, కాలికింద ఏముందో అది. పోటులో నడుం లోతు నీలంగా కనిపించిన చోటే ఆరు గంటల తర్వాత ఆటులో నీళ్ళు అంతదూరం వెనక్కి పోయి, చచ్చిన పగడాలూ రాళ్ళూ బయటపడి కత్తుల్లా ఉంటాయి. హేవ్‌లాక్‌లో ఐదో నంబర్ బీచ్, అదే విజయనగర్ బీచ్, అచ్చం ఇలాంటిదే. పేరు వినగానే మన విజయనగరం వాళ్ళు మురిసిపోతారు. మా చిన్నోడు అక్కడే చెప్పులిప్పి పరిగెత్తి మడమ కోసుకున్నాడు, చిన్న గాటే, కానీ పగడం గీరితే తొందరగా మానదు, మిగతా మూడు రోజులూ వాణ్ణి ఎత్తుకునే తిరిగాం. కాబట్టి పిల్లలిద్దరికీ నీళ్ళలో వేసుకునే బూట్లు ఇక్కడే కొనుక్కుని వెళ్ళండి, అక్కడ చిన్న సైజులు దొరకడం కష్టం.

కానీ అదే ఆటు పాపకి పెద్ద పండగ. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు రాళ్ళ మధ్య చిన్నచిన్న మడుగులు మిగులుతాయి, వాటిల్లో బుల్లి చేపలు, సన్యాసి పీతలు, నల్లటి దోసకాయలా కదలకుండా పడుండే జీవులు, బూట్లేసుకుని పక్కన మీరుంటే గంటన్నర అక్కడే గడిచిపోతుంది. ఏదీ ముట్టుకోనివ్వకండి, చూడటమే. స్నానానికి మాత్రం పోటు టైం చూసి వెళ్ళండి. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు, రోజూ ఓ ముప్పావుగంట పైన వెనక్కి జరుగుతుంటుంది. హోటల్లో అడిగితే ఆ రోజు టైములు చెప్తారు. అమావాస్య పౌర్ణమిలకి తేడా ఎక్కువగా ఉంటుంది, మీ అమ్మగారి దగ్గర పంచాంగం ఉంటుందిగా, తేదీలు వేసుకునే ముందు ఒకసారి చూడండి, నవ్వులాటకి అనట్లేదు.

రాధానగర్ బీచ్ వేరే రకం, అది ఇసుక బీచ్, ఏడో నంబర్ అంటారు, పొడవుగా తెల్లగా ఉంటుంది, లోతు మెల్లగా పెరుగుతుంది, వెనకాల పెద్దపెద్ద చెట్ల నీడ. టైమ్ మ్యాగజైన్ 2004లో ఆసియాలో బెస్ట్ బీచ్ అన్నది దీన్నే. పిల్లలకి నా ఓటు దీనికే. సాయంత్రం జనం ఎక్కువ, పొద్దున్న ఏడింటికి వెళ్తే దాదాపు మీదే. లైఫ్‌గార్డులు హద్దు పెట్టిన చోటే దిగండి, అలలు ఒక్కోరోజు గట్టిగానే ఉంటాయి.

మొసళ్ళ గురించి మీ ఆవిడ అడిగారన్నారు. ఉన్నాయండి, అబద్ధం చెప్పను. ఉప్పునీటి మొసళ్ళు మడ అడవుల్లో, కాలువలు సముద్రంలో కలిసే చోట తిరుగుతాయి. 2010లో ఈ రాధానగర్ బీచ్ చివర రాళ్ళవైపు స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ టూరిస్టు చనిపోయింది. అప్పటినుంచి బోర్డులూ కాపలా బాగా పెరిగాయి. పాటించాల్సినవి మూడే, బోర్డున్న చోట దిగొద్దు, బీచ్ మూలల్లో కాలవ కలిసేవైపు వెళ్ళొద్దు, చీకటిపడ్డాక నీళ్ళలో కాలు పెట్టొద్దు. పిల్లలున్నవాళ్ళు చీకటిపడ్డాక ఎలాగూ దిగరు.

మొసలి కన్నా మిమ్మల్ని నిజంగా ఏడిపించేది ఇసుకదోమ. కంటికి ఆనదు, కుట్టినప్పుడు తెలీదు, మర్నాడు కాళ్ళనిండా ఎర్రటి దద్దుర్లు, గోకితే పుండ్లు. తెల్లవారుజామున, సంధ్యవేళ, తడి ఇసుక మీద కూర్చుంటే ఎక్కువ. పిల్లలకి పల్చటి పొడుగు ప్యాంట్లు వేసి, కాళ్ళకి కొబ్బరినూనె మందంగా రాసేయండి, ఇసుకలో నేరుగా కూర్చోబెట్టకుండా ఏదైనా పరవండి. మా అత్తగారు వేపనూనె కలిపి రాసేది, వాసనకి దోమలేంటి మేమే దగ్గరికి వెళ్ళేవాళ్ళం కాదు.

నీడ దొరికింది కదా అని బాబుని కొబ్బరిచెట్టు కింద మాత్రం పడుకోబెట్టకండి. మనకి తెలిసిందే గానీ సెలవు మూడ్‌లో మర్చిపోతాం, పైకి చూసి మరీ చాప వెయ్యాలి. గాలి ఊదే ట్యూబులు, చేతికి వేసే ఫ్లోట్లు నమ్ముకోకండి, ఒడ్డు నుంచి సముద్రంవైపు గాలి వీస్తుంటే ట్యూబులో కూర్చున్న పిల్లని నిశ్శబ్దంగా లోపలికి తోసుకుపోతుంది. నీళ్ళలో పాప ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు.

ఇప్పుడు బోటు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి ప్రైవేటు బోట్లు గంటన్నర నుంచి రెండుంపావు గంటలు తీసుకుంటాయి, గవర్నమెంటు ఫెర్రీ ఇంకాస్త ఎక్కువ, అది చవక. మక్రూజ్, నాటికా లాంటివి ఏసీ, కూర్చున్న చోటే కూర్చోవాలి. ముందే బుక్ చేస్కోండి, సంక్రాంతి సీజన్‌లో అక్కడికెళ్ళాక దొరకవు. బాబు పేరు కూడా టికెట్‌లో ఉండాలి. పిల్లలతో మా మొదటి ట్రిప్పు డిసెంబర్ మొదట్లో, ముందురోజే గాలీవానా, నేనేమో బుద్ధిలేక మావాడికి బయల్దేరేముందు గ్లాసుడు పాలూ రెండు పూరీలూ పెట్టాను, కిటికీ దగ్గర బాగుంటుందని బోటు ముందుభాగంలో సీట్లు తీస్కున్నాను. అరగంటకి మొదలయింది. ఇచ్చిన కవర్లు అయిపోయాయి, నా చున్నీ అయిపోయింది, ఆఖరికి పక్కసీట్లో బెంగాలీ ఆవిడ తన సంచిలోంచి పాత టవల్ తీసి ఇచ్చింది, ఆ మహాతల్లి పేరు కూడా అడగలేదు.

అందుకని, గంటన్నర ముందు రెండు ఇడ్లీలు చాలు, పాలు వద్దు. సీట్లు కింది అంతస్తులో, మధ్యకి గానీ వెనక్కి గానీ తీస్కోండి, ముందుభాగమే ఎక్కువ ఎగిరిపడేది. ఫోన్లో బొమ్మలు పెట్టకండి, దూరంగా చూడమనండి. చిత్రం ఏంటంటే రెండేళ్ళలోపు పిల్లలకి ఈ తిప్పడం పెద్దగా ఉండదు, మీ బాబు హాయిగా నిద్రపోతాడు, జాగ్రత్తపడాల్సింది పాప విషయంలో. వాంతుల మందు మీ పిల్లల డాక్టర్ని అడిగి డోసు రాయించుకుని తీస్కెళ్ళండి, మెడికల్ షాపువాడు ఇచ్చాడని వేయొద్దు, ముఖ్యంగా ప్రోమెథజైన్ రెండేళ్ళలోపు వాళ్ళకి ఇవ్వకూడదు, శ్వాసకి ప్రమాదం.

ఇప్పుడు చూడండి, ఆ ప్యాకేజీ ప్రకారమైతే పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్, అక్కడ్నుంచి నీల్, నీల్ నుంచి వెనక్కి, ఇలా మూడు బోట్లు, ప్రతిసారీ గంట ముందు జెట్టీ దగ్గర ఉండాలి, ప్రతిసారీ బ్యాగులు సర్దాలి. నా లెక్కలో రెండే బోట్లు, మూడు రాత్రులు ఒకే మంచం. ఒకే రూంలో మూడు రోజులున్న పిల్లకి ఆ గది సొంత ఇల్లయిపోతుంది, వాష్‌రూం ఎక్కడుందో తెలుస్తుంది, గుమ్మం దగ్గర కుక్కకి పేరు పెడుతుంది. నీల్ బాగోదని కాదు, ఇంకా ప్రశాంతంగా ఉంటుంది, కానీ అక్కడ పేరున్న నేచురల్ బ్రిడ్జి చూడాలంటే ఆటు టైంలో జారుడు రాళ్ళమీద నడవాలి, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని, పక్కన మీ అమ్మగారిని పెట్టుకుని అది ఎందుకు చెప్పండి.

బారాటాంగ్ అయితే అసలు మాట్లాడక్కర్లేదు. వంద కిలోమీటర్ల దారి, తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో పిల్లల్ని లేపాలి, జిర్కాటాంగ్ గేటు దగ్గర బళ్ళన్నీ వరసకట్టి టైం ప్రకారం కాన్వాయ్‌లా వదుల్తారు, మధ్యలో జారవాలనే ఆదివాసుల అడవి, అక్కడ బండి ఆపడానికి లేదు, ఫొటో తియ్యడానికి లేదు. మీ పాప "నాన్నా పాస్ వస్తోంది" అంటే ఏం చేస్తారు? ఆ తర్వాత పంటు, ఆ తర్వాత మడ అడవుల్లో స్పీడ్‌బోటు, ఆ తర్వాత సున్నపురాయి గుహ దాకా ఎండలో నడక, మళ్ళీ అంతా వెనక్కి. ఇంకో మాట, కొంతమంది డ్రైవర్లు "జారవాలు కనిపిస్తారు సార్" అని ఆశపెడతారు. మనుషుల్ని చూడ్డానికి టికెట్ కొనుక్కోవడం నాకు నచ్చదు, నా దగ్గరికి అలా అడిగి వచ్చినవాళ్ళకి నేను ఆ రోజు బుక్ చెయ్యను.

సరే, ఆరు రోజులు ఇలా గడపండి. దిగిన రోజు ఏమీ వద్దు, మధ్యాహ్నం పడుకుని సాయంత్రం కార్బిన్స్ కోవ్ బీచ్ దాకా వెళ్ళి రండి. మర్నాడు పొద్దున్న బోటు. హేవ్‌లాక్‌లో ఒక పొద్దున్న రాధానగర్, ఒక పొద్దున్న కాలాపత్తర్ బీచ్ పక్కన రోడ్డమ్మట ఆగుతూ, మిగతా టైం మీ హోటల్ ముందు బీచ్. ఎలిఫెంట్ బీచ్‌కి మీరూ పాపా వెళ్ళొచ్చేమో గానీ బాబుని వదిలేయండి, స్పీడ్‌బోటు ఎగిరి ఎగిరి పడుతుంది, దిగేటప్పుడు మోకాలి లోతు నీళ్ళలోకి దిగాలి. పాపకి స్నార్కెలింగ్ వద్దు, అద్దం అడుగున్న బోటు ఎక్కించండి, పగడాలూ చేపలూ కనిపిస్తాయి, చాలు. మీ ఇద్దరిలో ఎవరికైనా స్కూబా చెయ్యాలనుంటే హేవ్‌లాక్‌లో మొదటి రోజే చేసేయండి, డైవ్ చేసిన వెంటనే ఫ్లైట్ ఎక్కకూడదు, కనీసం 18 గంటలు గడవాలి.

ఫ్లైటుకి ముందురాత్రి మాత్రం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండాలి. పొద్దున్న బోటు, మధ్యాహ్నం ఫ్లైటు అని అతితెలివి ప్లాను వేసుకోకండి, గాలి లేస్తే బోట్లు రద్దవుతాయి, ఎవరూ ఏమీ చెయ్యలేరు. జనవరిలో సాధారణంగా సముద్రం మంచిగానే ఉంటుంది, జనవరి నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య ఎవరైనా అడిగితే మాత్రం నేను హుద్‌హుద్ తుపాను గుర్తుచేస్తాను, 2014 అక్టోబర్ 12న మన మీద పడేముందు అది అండమాన్ మీదుగానే వచ్చింది.

ఆ ఆఖరి రోజు పోర్ట్‌బ్లెయిర్‌లో రాస్ ఐలాండ్ చూడండి, చిన్న బోటు, పది నిమిషాల దూరం. పాపకి ఈ మొత్తం ట్రిప్పులో బాగా గుర్తుండేది ఇదే అవుతుందని పందెం, జింకలు భయం లేకుండా మనుషుల మధ్య తిరుగుతాయి, నెమళ్ళు, కుందేళ్ళు. మీ అమ్మగారు నడవలేకపోతే బ్యాటరీ బండి ఉంటుంది. సెల్యులర్ జైలు ఏ రోజు సెలవో ముందే కనుక్కుని వేసుకోండి. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో పిల్లలతో వద్దు, చీకట్లో ఆ గొంతులకి పాప జడుసుకుంటుంది, బాబు ఏడుస్తాడు, పక్కవాళ్ళు చూస్తారు. పగలు ఓ గంట చాలు. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తిచేశారు, 698 గదులు, ఒక్కో మనిషికి ఒక్కో గది, ఒకడి ముఖం ఇంకొకడికి కనపడకుండా. మన మన్యంలో అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడిన వాళ్ళలో కొందరికి శిక్ష వేసి ఇక్కడికే పంపారు. మీరు ఒక్కరే ఒక అరగంట లోపల తిరిగి రండి, మీ ఆవిడ పిల్లలతో బయట చెట్టు కింద ఉంటారు, తర్వాత మీరుండండి ఆవిడ వెళ్తారు. మేమలాగే చేశాం.

టికెట్ల మీద కొత్త పేర్లు చూసి కంగారుపడకండి, 2018 చివర్లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్, 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. ఆటోవాళ్ళు మాత్రం పాత పేర్లే అంటారు. అన్నట్టు పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు బోలెడు వినిపిస్తుంది, మన ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు చాలామంది. ఒకసారి ఆటోలో నేనూ మా ఆయనా కిరాయి ఎక్కువ చెప్తున్నాడని తెలుగులో గుసగుసలాడుకుంటుంటే, అతను వెనక్కి తిరక్కుండానే "మాది సోంపేటేనమ్మా, ఎక్కువేం చెప్పలేదు" అన్నాడు.

తిండికి భయం లేదు, అన్నం పప్పు పెరుగు దొరుకుతాయి, కానీ హేవ్‌లాక్‌లో తెల్లారేసరికి విశాఖ డైరీ ప్యాకెట్టులా తాజా పాలు గుమ్మంలో ఉండవు, టెట్రా ప్యాక్ పాలో పాలపొడో. బాబు ఏ పాలపొడి తాగితే అది సరిపడా పట్టుకెళ్ళండి, డైపర్లు కూడా లెక్కేసుకుని ఓ పది ఎక్కువే పెట్టుకోండి. చిన్న ఎలక్ట్రిక్ కెటిల్, వేయించిన ఉప్మారవ్వ, ఉగ్గుపొడి, ఈ మూడూ ఉంటే మీ ఆవిడ నిశ్చింతగా ఉంటారు. వాడిన డైపర్లు బీచ్‌లో పాతిపెట్టేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చెయ్యొద్దు, కవర్లో మూటకట్టి రూం డస్ట్‌బిన్‌లోనే వెయ్యండి. డబ్బు కొంత చేతిలో ఉంచుకోండి, హేవ్‌లాక్‌లో ఏటీఎంలు తక్కువ, ఫోన్‌పే సిగ్నల్ దయ మీద ఆధారపడి ఉంటుంది.

ఆరోగ్యం విషయానికొస్తే హేవ్‌లాక్‌లో చిన్న గవర్నమెంటు ఆసుపత్రి ఉంది, పెద్ద విషయమైతే పోర్ట్‌బ్లెయిర్‌కే తీసుకెళ్ళాలి, అక్కడ జీబీ పంత్ ఆసుపత్రి ఉంది. అందుకే బాబుకి ఈ మధ్యే ఆయాసం, ఫిట్స్, ఆస్తమా లాంటివేమైనా వచ్చి ఉంటే ఈ ఏడాది ఆగండి, ఇది మీ డాక్టరే తేల్చాలి. జ్వరం మందు, ఓఆర్‌ఎస్, థర్మామీటర్, గాయానికి క్లీనింగ్ లోషన్, ఇవి హ్యాండ్‌బ్యాగ్‌లోనే, సూట్‌కేసులో కాదు. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 పైది, రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి, దానికన్నా పొడుగు చేతుల స్విమ్ డ్రెస్సూ టోపీ నయం.

గవ్వల గురించి చెప్పకపోతే మీ పాప నన్ను తిట్టుకుంటుంది. బీచ్‌లో ఏరిన పగడం ముక్కలూ గవ్వలూ ఇంటికి తేవడానికి లేదు, పగడాలకి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టులో స్కానింగ్‌లో పట్టుకుంటారు. మా పెద్దది ఫ్రాకు రెండు జేబులూ నింపుకుంది, మాకు చెప్పలేదు. సెక్యూరిటీ ఆవిడ కోప్పడలేదు, మోకాళ్ళమీద కూర్చుని ఒక్కొక్కటీ తీసి ట్రేలో పెడుతుంటే ఇది ఒక్కోదానికీ పెట్టిన పేరు చెప్తూ ఏడ్చింది. పదకొండు. వెనకాల లైనంతా ఆగిపోయింది. మీరు మొదటిరోజే పాపకి చెప్పేయండి, ఏరుకో, వరసగా పేర్చు, ఫొటో తీద్దాం, వెళ్ళేటప్పుడు అక్కడే పెట్టేద్దాం అని.

మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులున్నాయా లేదా మీరు రాయలేదు. ఉంటే హోటల్లో కింది అంతస్తు రూమే కావాలని ముందే అడగండి, హేవ్‌లాక్‌లో చాలాచోట్ల కాటేజీలకి మెట్లుంటాయి, లిఫ్టులుండవు. జెట్టీ దగ్గర బోటెక్కేటప్పుడు చిన్న పలక వేస్తారు, అది ఊగుతుంది, సిబ్బంది చెయ్యిస్తారు, చెప్పులు కాకుండా పట్టీ ఉన్న శాండిల్స్ వేయించండి. స్ట్రోలర్ ఇంట్లోనే వదిలేయండి, ఇసుకలో అడుగు కూడా కదలదు, బాబుని ఒంటికి కట్టుకునే క్యారియర్ తీస్కెళ్ళండి. ఇంకా, మీ అమ్మగారి పాత నేత చీరలు రెండు అడిగి పెట్టుకోండి, ఒకటి కింద పరుచుకోవడానికి, ఒకటి రాధానగర్‌లో రెండు చెట్ల మధ్య ఉయ్యాల కట్టడానికి.